మల్లె వికృతేనా? – ఒక పూవు పేరు చెప్పే చరిత్ర

తెలుగు బడిలో చదువుకున్న ప్రతివాళ్ళూ ప్రకృతి–వికృతుల పట్టిక వల్లెవేసినవాళ్ళే. విద్య ప్రకృతి, విద్దె వికృతి. యాత్ర ప్రకృతి, జాతర వికృతి. ఆశ్చర్యం ప్రకృతి, అచ్చెరువు వికృతి. ఆ వరసలోనే మల్లిక ప్రకృతి, మల్లె వికృతి అని నేర్చుకున్నాం. పాఠాలు చెప్పేవాళ్ళం మళ్ళీ అదే నేర్పుతున్నాం. వ్యాకరణంలో వికృతి అంటే మార్పు చెందిన రూపం అని మాత్రమే అర్థం. కాని వికృతం అంటే లోకంలో ఏమిటో పిల్లలకు తెలుసు. అసలు సరుకు ఎక్కడో ఉంది, మన నోట్లో ఆడుతున్నది దాని చెడిపోయిన రూపం అనే భావం పట్టికతోపాటే వాళ్ళ తలకెక్కుతుంది.

ఆకలి గురించీ, భూమి గురించీ మాట్లాడుకోవలసిన చోట మల్లెపూవు గురించి వ్యాసమేమిటని మిత్రులు అడగవచ్చు. మల్లె భావకవుల సొత్తనీ, మనకు దానితో పని లేదనీ చాలాకాలంగా ఒక అభిప్రాయం ఉంది. అది సరైనది కాదు. పూవును తోటలో పెంచేదీ, కోసేదీ, కట్టేదీ, అమ్మేదీ శ్రామికులే. దాని పేరును దేశదేశాలకు మోసుకుపోయినవాళ్ళు కూడా నావికులూ, వర్తకులూ, భిక్షువులూ, కూలి జనమే. అలాంటి మాటను మనమే అవతలి పక్షానికి వదిలేసి, తరవాత అది వాళ్ళ మాట అనడం తెలివైన పని కాదు. ఒక మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట పెరిగింది, దాన్ని ఎవరు తమదిగా రాసుకున్నారు అనే ప్రశ్నలకు మల్లె మంచి ఉదాహరణ. అందుకే ఈ వ్యాసం.

ముందు పూవు సంగతి తేల్చుకుందాం. మల్లె అనేది ఒక్క పూవు పేరు కాదు. వృక్షశాస్త్రజ్ఞులు జాస్మినం అని పిలిచే ప్రజాతిలో 200కు పైగా జాతులున్నాయి. ఆలివ్ చెట్టు ఉన్న కుటుంబమే వీటిదీ. మనం వేసవిలో మూరల లెక్కన కొనే మల్లె ఒక జాతి, జాజి ఇంకొకటి, చలికాలంలో పూసే మొల్ల లేక కుందం మరొకటి. దొంతరమల్లె, గుండుమల్లె వంటివి మల్లెలోనే రేకుల అమరికను బట్టి వచ్చిన రకాలు. ఇదికాక, వాసననూ తెలుపునూ చూసి జనం మల్లె అని పిలిచిన పరాయి కుటుంబాల పూలు ఉన్నాయి. ఆకాశమల్లె అంత ఎత్తు చెట్టు. దానికీ మల్లెకూ వృక్షశాస్త్రంలో దగ్గర చుట్టరికం లేదు. పేరు పెట్టిన జనం వంశవృక్షం చూడలేదు, వాసన చూశారు, రంగు చూశారు. అది అజ్ఞానం కాదు, వేరొక రకమైన వర్గీకరణ.

సంస్కృత నిఘంటువు ఈ పూలను ఎలా చూసిందో అమరకోశం వనౌషధి వర్గంలో తెలుస్తుంది. అక్కడ మల్లికకు ఇచ్చిన పర్యాయపదాల్లో ఒకటి శీతభీరువు, అంటే చలికి భయపడేది. వేసవిలో విరగబూసి చలికాలంలో ముడుచుకుపోయే తీగను దగ్గరనుంచి చూసినవాళ్ళే పెట్టగల పేరు అది. కుందానికి మాఘ్యం అని పేరు, మాఘమాసంలో పూస్తుంది కనక. ఈ రెండు పేర్లూ రాజాస్థానంలో కూర్చున్నవాళ్ళకు తట్టేవి కావు. తోటమాలి పరిశీలన నిఘంటువులోకి ఎక్కిందన్నమాట.

అదే నిఘంటువులో మరో రకం పేర్లూ ఉన్నాయి. జాజికి జాతి అని పేరు. పుట్టుక, వంశం, కులం అని అర్థాలున్న మాటే ఒక పూవుకు పేరైంది. ప్రాకృతంలో అది జాఇ అయి, తెలుగులో జాజి అయింది. ఇది నిజమైన తద్భవం. దీన్ని కాదనవలసిన పని లేదు. జాజికాయలోని జాజి కూడా ఆ జాతి శబ్దమే. ఇక యూథిక అనే మరో మల్లెజాతి పూవుకు మాగధి, గణిక, అంబష్ఠ అనే పర్యాయపదాలున్నాయి. ఒకటి దేశం పేరు, ఒకటి వేశ్య పేరు, ఒకటి మనుస్మృతి సంకర కులంగా లెక్కగట్టిన జనం పేరు. ఒక తెల్లపూవును చూస్తున్నప్పుడు కూడా కులమూ, స్త్రీ మీద ముద్రా, దేశభేదమూ ఆనాటి మనిషి కళ్ళముందు నుంచి తొలగిపోలేదు. మాటల్లో సమాజం అచ్చుపడుతుందని మనం తరచు అంటూంటాం. నిఘంటువులోని ఈ పేర్ల వరస దానికి చక్కని సాక్ష్యం.

ఇప్పుడు మల్లిక అనే మాట దగ్గరికి వద్దాం. సంస్కృత సంప్రదాయం ప్రతి మాటకూ ఒక ధాతువు చూపించాలని పట్టుబడుతుంది. మల్లికను కూడా ధరించడం అనే అర్థమున్న మల్ల ధాతువు నుంచి సాధించారు. ఇలాంటి వ్యుత్పత్తి ఏ మాటకైనా చెప్పవచ్చు. కాని సంస్కృతానికి పశ్చిమాన ఉన్న అక్కచెల్లెళ్ళలో, గ్రీకులో గాని లాటిన్‌లో గాని, పూవు పేరుగా దీనికి జోడీ కనపడదు. దక్షిణాన మాత్రం దగ్గరి చుట్టాల్లా వినిపించే మాటలున్నాయి. తమిళంలో ముల్లై, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె, తెలుగులో మొల్ల. ఈ నాలుగూ ఒక్క తల్లి పిల్లలే. ఉకారం తెలుగు, కన్నడాల్లో ఒకారంగా మారడం ద్రావిడ భాషల్లో పదేపదే కనిపించే మార్పు. మల్లిక శబ్దం కూడా సంస్కృతానికి దక్షిణాది నోటినుంచి ముట్టిందన్న అభిప్రాయం భాషాశాస్త్రంలో ఉంది. సంస్కృతంలోని ముకుళానికి మూలం మన మొగ్గకు మూలమైన ద్రావిడ శబ్దమేనని కూడా పలువురు భావిస్తారు.

అంటే పట్టికలోని బాణం గుర్తు ఒకే దిక్కుకు తిరిగి ఉండాలన్న నియమం లేదు. దక్షిణాది మాట సంస్కృతంలోకి పోయి, అక్కడ ప్రత్యయం తొడుక్కుని మల్లికగా పెద్దరికం సంపాదించి, తిరిగివచ్చి మన మల్లెకు తల్లినని చెప్పుకొని ఉండవచ్చు. పూవు అనే మాటను చూడండి. పుష్పం ప్రకృతి, పూవు వికృతి అని చెప్పే పట్టికలు ఇప్పటికీ పిల్లల చేతుల్లో ఉన్నాయి. తమిళంలో పూ, మలయాళంలో పూవ్, కన్నడంలో హూవు అని ఇరుగుపొరుగు భాషలన్నీ చెబుతూంటే, పూవు పుష్పానికి వికృతి ఎలా అవుతుంది? ఈ ప్రశ్న వేయడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. పొరుగు భాషలవైపు ఒకసారి తలతిప్పి చూస్తే చాలు.

ముల్లై తమిళ సాహిత్యంలో కేవలం పూవు కాదు. సంగం కవిత్వం భూమిని ఐదు తిణలుగా విభజించి, ప్రతి తిణకూ అక్కడి పూవు పేరో చెట్టు పేరో పెట్టింది. అడవీ, పచ్చికబీడూ కలిసిన భూమి ముల్లై తిణ. అక్కడి జనం పశువులు కాచుకునేవాళ్ళు. కాలం వానాకాలం, వేళ సాయంత్రం. ఇంటికి తిరిగిరావలసిన మగవాడికోసం ఆడమనిషి ఓపికపట్టి ఎదురుచూడడం అక్కడి కవితావస్తువు. తొల్కాప్పియం ఈ వ్యవస్థను శాస్త్రంగా చెప్పింది. నేల, వృత్తి, ఋతువు, మనసు, ఇవన్నీ ఒక పూవు పేరు కిందికి వచ్చాయి. ప్రకృతి వర్ణన వేరు, జీవితం వేరు అనే విభజన ఆ కవులకు తెలియదు. పాకడానికి ఆధారంలేని ముల్లై తీగకు తన రథాన్నే వదిలేసి వెళ్ళిన పారి అనే చిన్న దొర కథ తమిళనాట నేటికీ చెప్పుకుంటారు. అక్కడ ముల్లై తీగ రాణిగారి అలంకారం కాదు, ఆసరా కావలసిన ప్రాణి.

ఆ ముల్లైకి మన తోబుట్టువైన మొల్లను తెలుగువాళ్ళం మరో విధంగా ఎరుగుదుం. రామాయణం రాసిన కవయిత్రి పేరు మొల్ల. లోకం ఆమెను కుమ్మరి మొల్ల అని పిలిచింది. కవుల పేర్లు దేవతల పేర్లుగానో ఋషుల పేర్లుగానో ఉండే కాలంలో, వృత్తికులంలో పుట్టిందని చెప్పుకునే ఒక స్త్రీ అచ్చతెలుగు పూవు పేరుతో సాహిత్యచరిత్రలో నిలిచింది. మొల్ల అనే పేరును ఎవరూ కుంద అని సంస్కరించలేదు. జనం నోట్లో ఆ పేరు ఎంత బలంగా ఉండేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మల్లిక శబ్దం దేశం దాటి తూర్పుకు వెళ్ళిన దారి ఇంకా ఆసక్తికరమైనది. చైనా భాషలో మల్లెను మోలి అంటారు. అది మల్లీ, మల్లిక శబ్దాలను చైనా నోరు పలికిన తీరు. దక్షిణ చైనా మొక్కల గురించిన ఒక గ్రంథం క్రీ.శ. 304 నాటిదని ప్రసిద్ధి. దానిలో తరవాతి చేతులు పడ్డాయని అనుమానించే పండితులూ ఉన్నారు. మోలి, యెసిమింగ్ అనే రెండు పూలను విదేశీయులు తెచ్చి దక్షిణ సముద్రతీరంలో నాటారని అందులో ఉంది. మోలి మన మల్లి. యెసిమింగ్ పారశీకుల యాసమీన్. ఒక్క రేవులో రెండు దిక్కులనుంచి వచ్చిన రెండు పేర్లు పక్కపక్కన దిగాయి.

బౌద్ధం కూడా ఈ మాటను చైనాకు మోసింది. కోసల రాజు ప్రసేనజిత్తు రాణి పేరు మల్లిక. పాలీ కథల ప్రకారం ఆమె రాజవంశంలో పుట్టలేదు; దండలు కట్టేవాడి కూతురు. తండ్రి తోటకు వెళుతూ తాను తినడానికి తీసుకున్నదాన్ని బుద్ధుడికి భిక్షగా ఇచ్చిన పిల్లగా ఆమె మనకు మొదట కనిపిస్తుంది. చైనా బౌద్ధ గ్రంథాలు ఆమెను మోలి రాణి అంటాయి. అంటే ఆ భాషలోకి మల్లె పేరు పూవుగానూ వెళ్ళింది, పూలదండలు కట్టే ఇంటి ఆడపిల్ల పేరుగానూ వెళ్ళింది.

ఆగ్నేయాసియాలోనూ ఇదే ముచ్చట. ఇండోనేషియాలో మల్లెను మెలాతి అంటారు, అది మాలతి. ఫిలిప్పీన్సులో సంపగీత అంటారు. 1934లో దాన్ని ఆ దేశపు జాతీయ పుష్పంగా ప్రకటించారు. నీకు మాట ఇస్తున్నాను అనే అర్థం వచ్చే సుంపా కితా అనే మాటలనుంచి ఆ పేరు వచ్చిందనీ, ఇద్దరు ప్రేమికులు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట అదనీ అక్కడ అందమైన కథ చెబుతారు. భాషాశాస్త్రం అంత అందంగా మాట్లాడదు. సంపాగ అనే మాటకు స్పానిష్ వాళ్ళు తమ భాషలో చిన్నతనాన్ని సూచించే ఇత ప్రత్యయం తగిలించారు. ఆ సంపాగ మన సంపెంగకు మూలమైన చంపక శబ్దమేనని ఒక వాదం. కథలో ప్రేమికులున్నారు, మాటలో మాత్రం వర్తకమూ వలసపాలనా ఉన్నాయి. అయినా కథను తోసిపారేయనక్కరలేదు. పరాయి ముద్ర పడిన మాటను తమది చేసుకోవాలన్న జనం కోరిక అందులో ఉంది. సాహిత్య విద్యార్థి చేయవలసింది కథను కథగా, చరిత్రను చరిత్రగా వేరుచేసి చూడడం.

పడమటి దారి చూద్దాం. ఇంగ్లీషు జాస్మిన్‌కు మన మల్లెతో ధ్వని సంబంధం లేదు. ఇరాన్ ప్రాచీన పహ్లవీలో యాసమన్, అరబ్బీలో యాసమీన్, అక్కడినుంచి ఐరోపాకు చేరి ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి జాస్మిన్. పిల్లలకు పేర్లు పెట్టే పుస్తకాల్లో యాస్మిన్ అంటే దేవుడి కానుక అని రాస్తున్నారు. ఆ భాషల్లో ఆ మాటకు పూవు అనే తప్ప అలాంటి అర్థం లేదు. మన పూలకు పవిత్ర అర్థాలు అంటగట్టే అలవాటు మనకొక్కళ్ళకే లేదన్నమాట.

1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ మొక్కలన్నిటికీ రెండేసి మాటల లాటిన్ పేర్లు స్థిరపరిచినప్పుడు, మన మల్లెకు సంబాక్ అనే గుర్తింపు వచ్చింది. అది జన్బక్ అనే అరబ్బీ మాట. ఇంగ్లీషులో దీన్ని అరేబియన్ జాస్మిన్ అంటారు. మొక్క దక్షిణాసియాది. అరబ్బు వర్తకుల చేతులమీదుగా ఐరోపాకు తెలిసింది కనక అరబ్బుల పూవైంది. మన అంకెలు అరబ్బు అంకెలైనట్టే ఇదీను. సరుకు చివరగా ఎవరి చేతినుంచి అందిందో వాళ్ళ పేరు దానికి పడుతుంది. మొదట దాన్ని పండించినవాళ్ళ పేరు గోనెసంచి మీద ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మల్లె మనది, మోలి మననుంచి పోయింది అని ఛాతీ విరుచుకోవడానికి ఈ సమాచారం వాడితే అంతకన్న పొరపాటు లేదు. సంస్కృతమే అన్నిటికీ తల్లి అనడం ఎంత అశాస్త్రీయమో, అన్నీ మననుంచే పోయాయనడమూ అంతే. జాజిని మనం తీసుకున్నాం, మల్లెను ఇచ్చాం, బహుశా ఇచ్చినదాన్నే మళ్ళీ తీసుకున్నాం. హిందీ ప్రాంతం మల్లెను మోగ్రా అంటుంది. అది ముద్గరం, అంటే కొయ్య సుత్తి అనే అర్థం కూడా ఉన్న సంస్కృత శబ్దం. పనిముట్టు పేరే పూవుకూ పేరుగా నిలిచింది. ఏ భాషా పరిశుద్ధం కాదని, మాటలు జనంతోపాటు తిరుగుతాయని మాత్రమే ఈ చరిత్ర చెబుతోంది.

పేరు రాజకీయం కూడా అవుతుందని ఈ శతాబ్దంలో మల్లె మరోసారి రుజువుచేసింది. 2010 డిసెంబరు 17న ట్యునీషియాలో మొహమ్మద్ బువజీజీ అనే తోపుడుబండి వర్తకుడు అధికారుల వేధింపులు భరించలేక ఒంటికి నిప్పంటించుకున్నాడు. దేశం భగ్గుమంది. 2011 జనవరి 14న అధ్యక్షుడు బెన్ అలీ దేశం వదిలి పారిపోయాడు. ప్రపంచ పత్రికలు దానికి మల్లె విప్లవం అని పేరు పెట్టాయి. ట్యునీషియాలో చాలామందికి ఆ పేరు రుచించలేదు. వాళ్ళు దాన్ని ఆత్మగౌరవ విప్లవం అన్నారు. 1987లో ఇదే బెన్ అలీ గద్దెనెక్కిన సందర్భానికీ మల్లె పేరే వాడారన్న సంగతి తెలిస్తే వాళ్ళ అభ్యంతరం అర్థమవుతుంది. ఒళ్ళు కాల్చుకున్న మనిషినుంచి మొదలైన తిరుగుబాటుకు, పర్యాటకుల కరపత్రాల మీద అచ్చువేసే పూవు పేరు పెడితే ఆ నిప్పు కనపడకుండా పోతుంది.

అదే మాట చైనాలో మరో రకంగా పనిచేసింది. 2011 ఫిబ్రవరిలో చైనా నగరాల్లో మల్లె విప్లవానికి రమ్మని ఎవరో పేరు చెప్పకుండా పిలుపునిచ్చారు. వెంటనే ఇంటర్నెట్‌లో ఆ పూవు పేరు వెతకడానికే వీల్లేకుండా చేశారు. బీజింగ్ పూలమార్కెట్లలో మల్లెలు అమ్మవద్దని వర్తకులకు చెప్పారనీ, ధరలు పడిపోయి మల్లె సాగుదారులు దెబ్బతిన్నారనీ ఆ ఏడాది మేలో పత్రికల్లో వచ్చింది. మల్లెపూవు మీద ఆ దేశంలో పిల్లలకు కూడా వచ్చిన ప్రసిద్ధ జానపద గీతం ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పతకాలు ఇచ్చేటప్పుడు దాని వరసే వినిపించారు. మూడేళ్ళలో అదే మాట అనుమానితుల జాబితాకెక్కింది. మల్లికకు పుట్టిన మోలి అధికారాన్ని భయపెట్టింది. కాని ఆ భయానికి మూల్యం చెల్లించింది పూలు పెంచినవాళ్ళు. ఒక దేశంలో పేరు పోరాటాన్ని మెత్తబరిచింది, ఇంకో దేశంలో అదే పేరు నేరమైంది. మాటకు అర్థం నిఘంటువులో స్థిరంగా కూర్చుని ఉండదనడానికి ఇంతకన్న ఉదాహరణ ఏం కావాలి?

చివరికి మల్లెను నిజంగా ఎరిగిన చేతుల దగ్గరికి రావాలి. మల్లె మొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది. అంచేత దండకోసం కోసేవాళ్ళు తెల్లవారుజామునే తోటలో ఉండాలి; ఎండెక్కితే సరుకు దెబ్బతింటుంది. కోత ఆడవాళ్ళది, కట్టడం ఆడవాళ్ళది, గంప దించి అమ్మడం కూడా చాలా చోట్ల ఆడవాళ్ళదే. వాళ్ళ కొలత మూర, అంటే మోచేతినుంచి వేళ్ళ కొసదాకా ఉన్న సొంత చెయ్యి. అదే పూవు పరిమళ పరిశ్రమకు వెళితే కొలత మారుతుంది. ఒక కిలో చిక్కని సారం తియ్యాలంటే వందల కిలోల పూలు కావాలి. ఒక కిలోకు వేలకొద్దీ పూలు తూగుతాయి. ప్రపంచానికి కావలసిన మల్లెలో దాదాపు సగం ఈజిప్టు పండిస్తుంది. అక్కడ ఎక్కువగా పెంచేది మన భాషలో చెప్పాలంటే జాజి. ఆ తోటల్లో పసిపిల్లలు రాత్రిపూట పూలు కోస్తున్నారని 2024లో బీబీసీ చిత్రం బయటపెట్టింది. ఖరీదైన సీసా మీద యాసమీన్ పేరు మెరుస్తూ ఉంటుంది. కోసిన పిల్లల పేర్లు ఏ భాషలోనూ ఉండవు.

కనక రచయిత మిత్రులకూ, సాహిత్య విద్యార్థులకూ నేను చెప్పదలచుకున్నది ఇదీ. మల్లెను కవిత్వంనుంచి వెలివేయనక్కరలేదు. వెన్నెలకూ విరహానికీ కట్టేసి ఉంచనూ అక్కరలేదు. రాసేటప్పుడు అది మల్లెనో, జాజినో, మొల్లనో తెలుసుకుని రాద్దాం. ఏ ఋతువులో పూస్తుందో, ఏ వేళ కోస్తారో తెలుసుకుని రాద్దాం. మాఘంలో మల్లెలు విరగబూయించే కవికి తోటమాలి గౌరవం ఇవ్వడు. ఎన్నో శతాబ్దాల కిందటే అతను ఆ పూవుకు చలిభయం ఉందని చెప్పాడు. ఇక ఉపాధ్యాయ మిత్రులు ప్రకృతి–వికృతుల పట్టిక చెప్పేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, పూవు దగ్గరా మల్లె దగ్గరా ఒక ప్రశ్నగుర్తు పెట్టించండి. పొరుగు భాషల్లో దీన్ని ఏమంటారో కనుక్కురమ్మని పిల్లలకు చెప్పండి. తమ ఇంట్లో అమ్మ నోట వినే మాట ఎక్కడో ఉన్న గొప్పమాటకు చెడిపోయిన నకలు కాదేమోనన్న ఆలోచన ఒక్కసారి వస్తే చాలు, ఆ పిల్లలు మాటల చరిత్రను తామే వెతుక్కుంటారు.